వేపచెట్టుకు ఏ పని అప్పగించాలి?

ఆషాఢం వస్తే మన మేడ్చల్ జిల్లా గండిమైసమ్మ గుడి దారిలో వేపమండలు లేని బోనం కనిపించదు. కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి ఆడవాళ్లు తలకెత్తుకుంటారు. పసుపునీళ్లలో వేపాకు వేసి అమ్మవారికి సాక పోస్తారు. పిల్లలకు ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కడతారు. బియ్యం డబ్బాలో ఎండిన వేపాకు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు, పెద్దవాళ్ల పళ్ల మధ్య వేపపుల్ల. ఈ చెట్టు మన ఇళ్లలో చేయని పని లేదు.

గండిమైసమ్మ చౌరస్తా నుంచి దుండిగల్ వైపు, మైసమ్మగూడ వైపు పోతే వరసగా కాలేజీలు. వాటిలో ఫార్మసీ కాలేజీలూ ఉన్నాయి. మొక్కల నుంచి సారం తీసి సూక్ష్మజీవుల మీద పరీక్షించడం ఆ చదువులో భాగం. అదే జిల్లాలో శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది, అక్కడ టీకాలు తయారవుతాయి. మరోవైపు వీధి వీధికీ మెడికల్ షాపు, చేతిలో ఫోను, ఫోనులో రోజూ వచ్చే సందేశాలు: వేపాకు అన్ని రోగాలనూ చంపుతుందని ఒకటి, అదంతా మూఢనమ్మకమని ఇంకొకటి.

ఈ రెండు మాటల్లో ఏదీ మనకు పనికిరాదు. వేపకు సూక్ష్మజీవులను అడ్డుకునే శక్తి నిజంగానే ఉంది. ఆ శక్తికి హద్దులూ ఉన్నాయి. ఒకరిలో ఒక మంచి గుణం కనిపించగానే అన్ని పనులూ వాళ్ల నెత్తిన పెట్టడం, వాళ్లు ఒక్కచోట తడబడితే మొత్తంగా కొట్టిపారేయడం మనుషుల విషయంలోనూ మనం చేసే పనే. ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది విచక్షణ. ఏ శక్తికి ఏ పని అప్పగించాలో తెలుసుకోవడం. దానికి వేపకంటే మంచి పాఠం మన ఊళ్లో దొరకదు.

చేదులో ఏముంది?

చెట్టు పరుగెత్తలేదు. పురుగు వచ్చినా, బూజు పట్టినా నిలబడ్డ చోటే పోరాడాలి. అందుకే చెట్లు తమలో తామే రసాయనాలు తయారు చేసుకుంటాయి. వేప ఆకులో, బెరడులో, ముఖ్యంగా గింజలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. నాలుక మీద మనకు తెలిసే చేదు వాటిదే.

1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రవేత్త వేపనూనె నుంచి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే చేదు పదార్థాలను వేరుచేశారు. తరతరాలుగా వాడుతున్న నూనెలోంచి ఒక్కో పదార్థాన్ని విడిగా పట్టుకుని చూడడం అప్పటినుంచి మొదలైంది. 1959లో సూడాన్‌లో హైన్రిష్ ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక వింత చూశారు. మిడతల దండు వాలి పచ్చనిదల్లా మేసేసింది, వేపచెట్లను మాత్రం ముట్టలేదు. 1968లో వేపగింజ నుంచి అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. పురుగులకు తిండి సయించకుండా చేసేది, వాటి ఎదుగుదలను ఆపేది అదే. దాని నిర్మాణం ఎంత చిక్కుగా ఉంటుందంటే, ప్రయోగశాలలో మొదటినుంచి కట్టి తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది. ఆ పని 2007లో పూర్తయింది.

ఇక్కడే ఒక సంగతి గమనించండి. అజాడిరాక్టిన్ పేరు పురుగుల విషయంలో మోగింది. బ్యాక్టీరియా, బూజుల మీద పనిచేసేవి ఎక్కువగా నింబిడిన్ వంటి ఇతర పదార్థాలు. ఆకులో ఉన్నవే గింజలోనూ అదే పాళ్లలో ఉండవు. ‘వేప పనిచేస్తుంది’ అనే మాట ఎవరన్నా అంటే, చెట్టులో ఏ భాగం, ఎవరి మీద అని అడగకుండా ఆ మాటకు అర్థం పూర్తికాదు.

గాజు పళ్లెంలో గెలుపు

ఫార్మసీ కాలేజీ ల్యాబులో జరిగే పరీక్ష ఇలా ఉంటుంది. గాజు పళ్లెంలో అగర్ అనే జెల్లీ పోస్తారు. దాని మీద బ్యాక్టీరియాను పలచగా పరుస్తారు. వేపాకును మిథనాల్ లాంటి ద్రావకంలో నానబెట్టి తీసిన సారంలో చిన్న కాగితపు బిళ్లను ముంచి జెల్లీ మీద పెడతారు. ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. తెల్లారేసరికి పళ్లెమంతా బ్యాక్టీరియా మసకగా పెరిగి ఉంటుంది. బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ జాగా కనిపిస్తుంది. అక్కడ బ్యాక్టీరియా పెరగలేదు. ఆ ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలుస్తారు.

వేప సారంతో ఇలాంటి ఖాళీలు ఎన్నో ప్రయోగశాలల్లో కనిపించాయి. చీముగడ్డలు తెచ్చే స్టెఫిలోకాకస్ మీద, పళ్లు పుచ్చిపోవడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ మీద, నోట్లో తెల్లపూత తెచ్చే కాండిడా మీద ప్రభావం కనిపించింది. పేగుల్లో ఉండే ఈ కోలై లాంటి వాటికి బయట అదనపు పొర ఉంటుంది కాబట్టి మొక్కల సారాలకు అవి అంత తేలిగ్గా లొంగవు.

ఆ ఖాళీ వలయం నిజం. విద్యార్థి కళ్లముందు కనిపించిన నిజం. దాని నుంచి ‘వేపాకు నమిలితే ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పోతుంది’ అనే మాటకు వెళ్లడానికి మాత్రం చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని అంకెల్లో చూద్దాం.

సూక్ష్మజీవి పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస మోతాదును మిల్లీలీటరుకు ఎంత అని చెబుతారు. మంచి యాంటీబయాటిక్‌లకు అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మొక్కల ముడి సారాలకు తరచుగా మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మిల్లీలీటరుకు ఒక్క మిల్లీగ్రాము చొప్పున సారం రక్తంలో కలిసి ఉండాలంటే 5 గ్రాముల చిక్కని సారం ఒకేసారి రక్తంలో ఉండాలి. మనం నమిలిన ఆకులో ఎక్కువ భాగం నీళ్లూ పీచూ. మిగిలినదాంట్లో కొంత పేగులు పీల్చుకోవు. పీల్చుకున్నదాన్ని కాలేయం విరగ్గొడుతుంది. రక్తం దాకా చేరేది చాలా తక్కువ. మోతాదు పెంచితే సూక్ష్మజీవి కన్నా ముందు మన కాలేయమే దెబ్బతినవచ్చు.

అందుకే నోట్లో, చర్మం మీద, నేలలో, ఆకు మీద, అంటే సూక్ష్మజీవిని నేరుగా తాకగలిగిన చోట వేపకు బలం ఎక్కువ. రక్తంలో, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో దాగిన రోగం దగ్గరికి అది చేరలేదు. ఈ ఒక్క గీత మనసులో పెట్టుకుంటే వేప గురించి వచ్చే సందేశాల్లో సగం మీరే తూకం వేయగలరు.

మనుషుల మీద నిలిచిన సాక్ష్యం

1992లో తమిళనాడు నుంచి ఒక అధ్యయనం వెలువడింది. గజ్జితో బాధపడుతున్న 814 మందికి వేప, పసుపు కలిపి నూరిన ముద్దను పూశారు. 3 నుంచి 15 రోజుల్లో 97 శాతం మందికి నయమైందని రాశారు. గజ్జి తెచ్చేది బ్యాక్టీరియా కాదు, చర్మంలో దూరే అతి చిన్న పురుగు. అయినా ఇది మన పాఠానికి ముఖ్యం. బోనంలో కలిసి కనిపించే రెండు వస్తువులనే వైద్యులు రోగుల మీద పెట్టి లెక్కవేశారు. అయితే ముద్ద పూయని వాళ్లనో, వేరే మందు వాడిన వాళ్లనో పక్కన పెట్టి పోల్చలేదు. కాబట్టి అది ఆశ కలిగించే సాక్ష్యం, ఆఖరి తీర్పు కాదు.

2004లో కర్ణాటక పరిశోధకులు 36 మంది మగవాళ్ల మీద 6 వారాలపాటు వేపాకు సారంతో చేసిన దంతాల జెల్‌ను పరీక్షించారు. పోలికకు క్లోర్‌హెక్సిడిన్ అనే పేరున్న పుక్కిలి మందును పెట్టారు. వేప జెల్ వాడినవారిలో పళ్ల మీద గారకు ముందు పేరుకునే పాచి తగ్గింది, నోట్లో బ్యాక్టీరియా లెక్కా తగ్గింది. చిన్న అధ్యయనమే. అయినా పద్ధతి బాగుంది: ఎంతమంది, ఎన్నాళ్లు, దేనితో పోలిక అన్నది ముందే చెప్పారు. వేపపుల్లతో పళ్లు తోముకున్న మన పెద్దల అలవాటుకు ఇది గట్టి ఆసరా.

ప్రకృతి నుంచి మందు పుట్టదని ఎవరన్నా అంటే నమ్మకండి. చైనా శాస్త్రవేత్త తు యుయు ప్రాచీన గ్రంథాలు తిరగేసి, ఒక మాచిపత్రి జాతి మొక్క మలేరియాకు పనికొస్తుందని చదివారు. మామూలుగా కాచి తీస్తే ఫలితం నిలకడగా రాలేదు. వేడి తగలకుండా, తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్‌తో సారం తీశాక 1971లో దారి దొరికింది. ఆర్టెమిసినిన్ అలా వచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. వీళ్లందరూ ప్రకృతిని నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, పరీక్షకు పెట్టారు.

వేప పెద్దఎత్తున పనిచేస్తున్న చోటు

సూక్ష్మజీవుల మీద వేప శక్తిని దేశం మొత్తం వాడుకుంటున్న చోటు ఒకటుంది. అది మందుల సీసాలో లేదు, యూరియా బస్తాలో ఉంది. పొలంలో వేసిన యూరియా అమ్మోనియాగా మారితే, నేలలోని కొన్ని బ్యాక్టీరియా దాన్ని గబగబా నైట్రేటుగా మార్చేస్తాయి. నైట్రేటు నీళ్లతో కిందికి కొట్టుకుపోతుంది. పైరుకు దక్కదు, భూగర్భజలం పాడవుతుంది. వేపనూనె పూత ఆ బ్యాక్టీరియాను నెమ్మదింపజేస్తుంది. ఈ పని మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఏళ్ల తరబడి కృషి జరిగింది. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి చేశారు. మేడ్చల్ రైతు కొనే బస్తాలోనూ ఈ చెట్టు పనిచేస్తోంది.

రెండోది బూజు మీద యుద్ధం. వేపనూనె నుంచి తీసిన పదార్థంతో మొక్కల మీద బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి తమదంటూ అమెరికా కంపెనీ డబ్ల్యూ.ఆర్. గ్రేస్, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి 1994లో ఐరోపా పేటెంటు పొందాయి. వందనా శివ, అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల సమాఖ్య, ఐరోపా పార్లమెంటు సభ్యురాలు మాగ్దా ఆల్వూట్ కలిసి దాన్ని సవాలు చేశారు. భారత రైతులు ఈ పని ముందునుంచే చేస్తున్నారని సాక్ష్యాలు చూపారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005 మార్చి 8న వీగిపోయింది.

ఈ గెలుపు గురించి గర్వపడడం న్యాయమే. దాని వెనకున్న కారణాన్ని మరవకండి. మన జ్ఞానం గొప్పదని గట్టిగా అరిచినందుకు ఆ పేటెంటు పోలేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా వాడారో ఆధారాలతో చూపినందుకు పోయింది.

వేప ఓడిన చోటు

2021 వానాకాలం చివర తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల కొనల నుంచి ఎండిపోవడం మొదలైంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగింది. ఊళ్లో జనం కలతపడ్డారు, అరిష్టమని కొందరు భయపడ్డారు. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం కారణమని చెప్పారు. ఆ శిలీంధ్రం పేరులోనే వేప ఉంది, ఎందుకంటే వేపనే పట్టుకుని బతకడానికి అది అలవాటు పడింది. 1990లలోనే ఉత్తరాదిన దీన్ని గుర్తించారు. తర్వాత చాలా చెట్లు కొత్త చిగుళ్లు వేసి కోలుకున్నాయి.

బూజును ఆపే చెట్టునే ఒక బూజు ఎలా ఎండబెట్టగలిగింది? సూక్ష్మజీవులు కోట్లకొద్దీ పుడతాయి, మారుతూ ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి ఆ చేదును తట్టుకునే దారి కనుక్కుంటుంది. ఏ ఆయుధమూ అందరి మీదా, అన్ని కాలాల్లో పనిచేయదు. వేపకూ అంతే, యాంటీబయాటిక్‌కూ అంతే.

రెండో ఓటమి మనల్ని మరింత జాగ్రత్తపరచాలి. 1981లో ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో మలేషియా వైద్యుల నివేదిక వచ్చింది. చిన్నచిన్న జబ్బులకు ఇంటివాళ్లు వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చాయి. కాలేయం, మెదడు దెబ్బతిన్నాయి. ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి. తాగించినవాళ్లు శత్రువులు కారు, ప్రేమతో తాగించినవాళ్లే. ప్రేమకు మోతాదు తెలియాలి.

మూడోది చరిత్ర చెప్పిన మాట. మశూచి ఊళ్లను ఊడ్చేసిన కాలంలో గుమ్మానికి కట్టిన వేపకొమ్మ ఒక మంచి పని చేసింది. ఈ ఇంట్లో జబ్బు ఉంది, లోపలికి రావద్దని బయటివాళ్లకు చెప్పింది. మశూచిని భూమి మీద లేకుండా చేసింది మాత్రం టీకా. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. ఇవాళ టైఫాయిడ్ విషయంలోనూ అంతే. శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాకు 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. గండిమైసమ్మ నుంచి గంటలో చేరగల చోట అంత మంచి ఆయుధం తయారవుతుంటే, టైఫాయిడ్‌కు వేప కషాయం తాగుతూ కూర్చోవడం మన పక్కింటి జ్ఞానాన్ని మనమే కాదనడం.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యం

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర, దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు బిళ్ల వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా మందుకు లొంగనిదే అయి ఉంటుంది. పటాన్‌చెరు మనకు దూరం కాదు. జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామికవాడలు మరీ దగ్గర.

2019లో ప్రపంచవ్యాప్తంగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ ప్రచురించిన అంచనా. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే, మోతాదు చాలకుండా వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని హెచ్చరించారు. మన దేశంలో 2014 మార్చి నుంచి కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను ప్రత్యేక జాబితాలో చేర్చారు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టరులో రాయాలి. స్ట్రిప్ మీద నిలువుగా ఉండే ఎర్రగీత మనకోసమే.

ఇప్పుడు రెండు తప్పుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. జలుబుకు యాంటీబయాటిక్ మింగడం ఒకటి. చీముపట్టి వచ్చిన జ్వరానికి వేపాకును నమ్ముకుని కూర్చోవడం ఇంకొకటి. పైకి ఎదురెదురుగా కనిపించినా రెంటికీ వేరు ఒక్కటే: ఏ ఆయుధం ఏ పనికో అడగకపోవడం. వేప విలువ తెలిసినవాడు చిన్న పనులకు వేపను వాడి యాంటీబయాటిక్‌ను పెద్ద పనికి దాచుకుంటాడు. అలా రెండూ బతుకుతాయి.

నాలుగు ప్రశ్నలు

ఏ మొక్క గురించి ఏ గొప్ప మాట విన్నా ఈ నాలుగూ అడగండి.

1. ఎక్కడ చంపింది? గాజు పళ్లెంలోనా, జంతువులోనా, మనిషి చర్మం మీదనా, మనిషి రక్తంలోనా? మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎన్నో మెట్లు ఉన్నాయి.

2. ఏ భాగం, ఎంత, ఎలా? ఆకా, గింజా, బెరడా? నీళ్లలో కాచారా, ఆల్కహాల్‌తో తీశారా? అధ్యయనంలో వాడింది ఒకటి, మన వంటింట్లో కాచింది ఇంకొకటి అయితే ఫలితం అదే వస్తుందని అనుకోకూడదు.

3. ఎంతమంది మీద, దేనితో పోల్చి? పోలిక లేకుండా ‘తగ్గింది’ అంటే, దానంతట అదే తగ్గే జబ్బు కూడా ఆ ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఆటలమ్మ చాలామంది పిల్లల్లో వారం పది రోజుల్లో తగ్గేదే.

4. పనిచేయకపోతే ఏమవుతుంది? ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. నోటి దుర్వాసనకు వేపపుల్ల పనిచేయకపోతే పోయేదేం లేదు. మధుమేహం ఉన్నవారి కాలి పుండుకు వేపాకు పసరు పనిచేయకపోతే కాలే పోవచ్చు. ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎంత ఎక్కువైతే, సొంత వైద్యానికి చోటు అంత తక్కువ.

నిశ్చింతగా అప్పగించదగిన పనులు

లేత వేపపుల్ల కొన నమిలి కుంచెలా చేసుకుని మెల్లగా తోముకోండి. చిగుళ్లు గీసుకుపోకూడదు. ఫ్లోరైడ్ పేస్టును మానేయకండి, రెండూ వాడవచ్చు. పన్ను నొప్పి వస్తే దంతవైద్యుడి దగ్గరికే.

చెమటకాయలకు, ఒంటి దురదకు వేపాకు కాచి చల్లార్చిన నీళ్లతో స్నానం చేయవచ్చు. ముందు మోచేతి లోపలివైపు కొంచెం పూసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే మానేయండి. గజ్జి అయితే వేప, పసుపు ముద్దతో ఊరట కలిగినా డాక్టరు ఇచ్చే పెర్మెత్రిన్ పూత మందు వాడండి. ఇంట్లో అందరూ ఒకేసారి వాడాలి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి.

బియ్యం, పప్పుల డబ్బాల్లో బాగా ఎండిన వేపాకు వేయండి. తడి ఉంటే బూజు పడుతుంది.

మిద్దె తోట ఉన్నవారు 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేయవచ్చు. ఆకుల మీద బూడిద తెగులు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి చల్లండి. సాయంత్రం పూట చల్లితే మంచిది, ఎండకు వేపలోని పదార్థాలు త్వరగా విరిగిపోతాయి.

ఎన్నడూ అప్పగించకూడని పనులు

పిల్లలకు వేపనూనె తాగించకండి, ఒక్క చెంచా కూడా. గర్భిణులు, బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవారు వేపనూనె గానీ, చిక్కని వేప కషాయం గానీ లోపలికి తీసుకోకూడదు. షుగర్ మాత్రలు వాడేవారు రోజూ వేప రసం తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. తాగుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కంట్లో, లోతైన గాయంలో, కాలిన చోట పసరు పోయకండి. తుప్పుపట్టిన ఇనుము గుచ్చుకుంటే కడిగి, టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి.

మూడు రోజులు దాటిన జ్వరం, మూడు నెలల లోపు బిడ్డకు ఏ జ్వరమైనా, గాయం చుట్టూ పాకుతున్న ఎరుపు, చీము, మూత్రంలో మంటతో చలిజ్వరం, ఆయాసం, రెండు వారాలు దాటిన దగ్గు: వీటిలో ఏది కనిపించినా చెట్టు దగ్గరికి కాదు, ఆస్పత్రికి వెళ్లండి. దగ్గుకు ప్రభుత్వ ఆస్పత్రిలో టీబీ పరీక్ష ఉచితంగా చేస్తారు.

యాంటీబయాటిక్ విషయంలో మూడు మాటలు: చీటీ లేకుండా కొనకండి, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి, మిగిలినవి దాచి ఇంకొకరికి ఇవ్వకండి.

ఈ వారం అభ్యాసం

ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంట్లో ఇప్పటిదాకా వేపతో, పసుపుతో, తులసితో చేస్తున్న వైద్యాలన్నీ ఒక పేజీలో రాయండి. అమ్మనో అత్తమ్మనో కూర్చోబెట్టి అడగండి. వాళ్ల మాటను సరిదిద్దాలని కాకుండా, వాళ్లకు తెలిసింది పోకుండా చూడాలని అడగండి. ఎందుకు, ఎప్పుడు, ఎంత వాడేవారో వివరంగా రాసుకోండి. వేప పేటెంటును ఓడించింది ఇలాంటి వివరమే.

ఒక్కోదాని పక్కన నాలుగు ప్రశ్నలకు మీకు తెలిసిన జవాబు రాయండి. నాలుగో ప్రశ్నకు ‘పెద్ద నష్టం లేదు’ అని వచ్చినవి కొనసాగించండి. ‘ప్రాణానికి ముప్పు’ అని వచ్చినవాటి మీద గీత కొట్టండి. తెలియదు అనిపించినవి ఈ నెలలో మీ డాక్టరునో, ఫార్మసీ చదువుతున్న మీ వీధి విద్యార్థినో అడగండి. ఇదే పద్ధతిని తర్వాత మీ పొదుపుకు, మీ పిల్లల చదువుకు, మీరు నమ్మే సలహాదారులకు పెట్టి చూడండి. ఎవరి బలం ఎక్కడ అని అడగడం అలవాటైతే గుడ్డినమ్మకం, గుడ్డికోపం రెండూ తగ్గుతాయి.

చివరగా ఒక చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో ఏ లక్షణం కనిపిస్తే ఎంతసేపట్లో ఆస్పత్రికి వెళ్లాలో రాయండి. కింద మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పేరు, 108 నంబరు రాయండి. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ చదివి వినిపించి, వంటింటి తలుపు మీద అంటించండి. ఈ అధ్యాయం మూసేముందే ఆ కాగితం రాయండి.